సముద్రం పుట్టింటికి వెళ్లిన రోజు

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. మీరు బొమ్మల్లో చూసే అడవిలాంటిది కాదు. దాని కాళ్లు ఉప్పునీళ్లలో, తల ఎండలో. అది మడ అడవి. ఒక్కో చెట్టూ వంద వేళ్ల మీద నిలబడి ఉండేది. సముద్రం రోజుకి రెండుసార్లు వచ్చి ఆ వేళ్లన్నీ కడిగి వెళ్లేది.

అడవికి ముందు సముద్రం. వెనక ఒక పాయ. పాయ దాటితే ఎత్తైన ఇసుక దిబ్బ. దాన్ని అందరూ 'గట్టు' అనేవాళ్లు. పాయ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తీగలు అల్లుకుని ఒక వంతెన అయింది. ఎవరైనా కట్టారో, దానంతట అదే అయిందో ఎవరికీ తెలీదు.

ఆ అడవిలో మచ్చమ్మ అనే బావురుపిల్లి ఉండేది. పిల్లే గానీ, నీళ్లంటే భయం లేని పిల్లి. చేపలు పట్టుకుని బతికేది. ఎలా పట్టేదో తెలుసా? మడుగు పక్కన కదలకుండా కూర్చునేది. ముందు కాలితో నీళ్ల మీద మెల్లగా తట్టేది. టప్. నీళ్ల మీద గుండ్రంగా ఒక వలయం లేచేది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. అడుగున ఉన్న చేపకి ఆ వలయం తగిలేది. 'ఏదో పురుగు పడ్డట్టుందే' అనుకుని చేప పైకి వచ్చేది. అంతే, మచ్చమ్మకి అన్నం దొరికేది.

గట్టిగా తడితే చేప బెదిరి పారిపోతుంది. మరీ మెల్లగా తడితే అల దారిలోనే అలిసిపోతుంది. ఎంత తట్టాలో మచ్చమ్మ కాలికే తెలుసు. అలా తడుతూ తడుతూ, చూస్తూ చూస్తూ, నీళ్ల మీద అల ఏం చేస్తుందో మచ్చమ్మ నేర్చుకుంది. ఎవరూ చెప్పలేదు. ముసలితనం వచ్చేదాకా నేర్చుకుంటూనే ఉంది.

ఆ ఏడు మచ్చమ్మ కూతురు చుక్కమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు. మచ్చమ్మ కాళ్లు నేల మీద ఆనడం లేదు. కూతురికి చేపలు పట్టి పెట్టడం, పుట్టబోయే పిల్లకి గడ్డితో ఊయల అల్లడం, ఇదే పని.

"అమ్మా, ఎన్నాళ్లు అల్లుతావే ఆ ఊయల? నా బిడ్డ పెళ్లీడుకి వచ్చేస్తుంది" అని నవ్వేది చుక్కమ్మ.

"నోర్ముయ్యి. నిన్ను ఊపిన ఊయల తెగి నువ్వు బురదలో పడ్డావు. అందుకే ఇలా తయారయ్యావు" అనేది మచ్చమ్మ.

ఆ అడవిలో ఒక మాట ఉండేది. సముద్రం వెనక్కి తగ్గితే, 'సముద్రమ్మ పుట్టింటికి వెళ్లింది' అనేవాళ్లు. నీళ్లు తగ్గిన బురదలో చేపలూ రొయ్యలూ మిగులుతాయి కదా, వాటిని 'సారె' అనేవాళ్లు. ఆడపిల్ల పుట్టింటి నుంచి తెచ్చే సారె ఊరంతా పంచుకున్నట్టే, ఈ సారె కూడా అందరిదీ. దానికి ఒక కట్టుబాటు. సారెకి పోయేవాళ్లని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే అపశకునం. సముద్రమ్మ అలుగుతుంది. మళ్లీ సారె ఇవ్వదు. తాతల నాటి నుంచి ఆ అడవిలో ఒక్కరు కూడా అలా పిలవలేదు.

సరే, కథలోకి వద్దాం.

ఒకరోజు మచ్చమ్మ పాయ ఒడ్డున కూర్చుని ఉంది. ఆటూ పోటూ కాని వేళ. పాయలో నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. గుంటయ్య అనే నక్క ఆకు పొట్లం ఒకటి నోట కరుచుకుని వచ్చాడు. మచ్చమ్మని వదినా అని పిలిచేవాడు. వదిన అన్నాక వెటకారం ఎలాగూ ఉంటుంది.

"ఏం వదినా, నీళ్లకి జోల పాడుతున్నావా?"

"నువ్వెక్కడికి మరిదీ, పొట్లం కట్టుకుని?"

"అవతలి ఒడ్డున మా బావమరిదికి ఎండుచేప పంపాలి. వంతెన ఎక్కి ఎవడు పోతాడు? అలలు అటే పోతున్నాయిగా, వాటి మీద ఎక్కించేస్తాను."

పొట్లం నీళ్ల మీద పెట్టాడు. తోకతో నీళ్లని ఫట్ మని కొట్టాడు. అల లేచింది. పొట్లం కిందికి వెళ్లింది, పైకి వచ్చింది. అల పొట్లాన్ని దాటుకుని అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. పొట్లం ఉన్నచోటే ఉంది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ కిందికి, పైకి. మూడోసారి ఒళ్లు మరిచి కొట్టాడు. తోక నొప్పి పుట్టింది గానీ పొట్లం కదల్లేదు.

"అల అంటే నీళ్ల నడక కాదు మరిదీ" అంది మచ్చమ్మ. "ఒక నీటి చుక్క కదిలి పక్క చుక్కని కదుపుతుంది. ఆ చుక్క దాని పక్క చుక్కని కదుపుతుంది. ఏ చుక్కా తన చోటు విడిచి ఊరెళ్లదు. ఆ కదలిక ఒక్కటే వెళ్తుంది. నీ పొట్లాన్ని అదెందుకు మోస్తుంది?"

"అంటే, ఎవరూ వెళ్లకుండానే వెళ్లిపోతుందన్నమాట!" గుంటయ్య పగలబడి నవ్వాడు. "బాగుంది. నేనూ ఇవాళ్టి నుంచి తినకుండానే తింటాను."

"ఇంకోటి కూడా చూడు. పొట్లం లోతుకి దిగినప్పుడు అంతకంత పైకి లేచింది. ఎంత దిగితే అంత లేవడం. అది అల లెక్క."

"నీ లెక్కలు నీ మనవరాలికి చెప్పు వదినా" అన్నాడు గుంటయ్య. ఈలోగా ఆకు విప్పుకుంది. ఎండుచేప తడిసి, మునిగి, అడుగుకి పోయింది. బావమరిదికి ఏం చేరిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోరోజు మచ్చమ్మ వంతెన కింద చేపలకి కాచుకుని ఉంది. పక్కనే ఊయల అల్లిక. అప్పుడు కోరయ్య తన అడవిపందుల మందని తీసుకుని వంతెన ఎక్కాడు. ఇరవై పందులు. కోరయ్యకి తన మంద నడక అంటే మహా గొప్ప. అందరూ ఒకేసారి కుడికాలు, ఒకేసారి ఎడమకాలు. "హుమ్! హుమ్!" అని నడిపించేవాడు.

వంతెన సగానికి వచ్చేసరికి తీగలు ఊగాయి. హుమ్. ఇంకాస్త ఊగాయి. హుమ్. మరికాస్త ఊగాయి.

మచ్చమ్మ తల పైకెత్తింది.

"కోరయ్యా! అడుగు కలపొద్దు! ఎవరి నడక వాళ్లు నడవండి!"

"ఏం, మా నడక చూసి కడుపు మండుతోందా?" కోరయ్య కింద నుంచి అరుస్తున్న పిల్లిని చూడను కూడా చూడలేదు. "గట్టిగా వేయండ్రా అడుగు! హుమ్!"

ఫట్ మని ఒక తీగ తెగింది. ఫట్ మని ఇంకో తీగ. వంతెన పక్కకి వాలిపోయింది. మధ్యలో నడిచే లావుపాటి పంది ఒకటి బురదలో ధభీమని పడింది. మిగతావాళ్లు హడలిపోయి, ఎవరికి తోచినట్టు వాళ్లు పరిగెత్తారు. అప్పుడు వింత చూడండి, వంతెన ఊగడం మానేసింది.

కోరయ్య రొప్పుతూ దిగొచ్చాడు. "నువ్వేం మంత్రం వేశావు?"

మచ్చమ్మ అల్లుతున్న ఊయల చూపించింది. "దీన్ని ఒక్కసారి బలంగా తోస్తే కాసేపు ఊగి ఆగిపోతుంది. అదే, వెళ్లి వచ్చిన ప్రతిసారీ వేలితో ముట్టుకున్నా చాలు, ఊగి ఊగి చెట్టెక్కుతుంది. ఆ వంతెనకీ ఒక ఊపు ఉంది. మీ ఇరవైమంది అడుగూ ఆ ఊపుకి సరిగ్గా కలిసింది. బరువు తెంపలేదయ్యా దాన్ని, తాళం తెంపింది."

కోరయ్యకి అర్థమైంది. కానీ ఒప్పుకోవడానికి మీసం అడ్డొచ్చింది. బురదలోంచి లేచి వస్తున్న పందిని "చూసి నడవలేవూ?" అని తిట్టి వెళ్లిపోయాడు. తెగిన తీగల చోట మచ్చమ్మే కొత్త తీగలు ముడేసింది. అడవిలో మాత్రం, "పందుల నడక చూసి పిల్లి దిష్టి పెట్టింది" అని చెప్పుకున్నారు.

చుక్కమ్మకి ఒళ్లు మండింది. "ఎందుకమ్మా నీకు ఊరి పనులు? చెప్తే వింటారా, పెడతారా?"

"చూసింది చెప్పకుండా ఎలా ఉండనే?" అంది మచ్చమ్మ. కానీ ఆ రోజు చేప ముద్ద దానికి గొంతు దిగలేదు.

ఇలా ఉండగా, పది రోజులు గడిచాయి. చుక్కమ్మకి నెలలు నిండాయి.

ఒకనాడు పొద్దున్నే మచ్చమ్మ అడవి లోపలి మడుగు దగ్గర కూర్చుంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. తట్టడానికి కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

నీళ్ల మీద వలయాలు లేస్తున్నాయి. ఎవరూ తట్టలేదు. ఏ చేపా ఎగరలేదు. మడుగు అంతటా సన్న సన్నని అలలు వణుకుతున్నాయి. అప్పుడు తెలిసింది మచ్చమ్మకి, తన పాదాల కింద నేల కూడా వణుకుతోందని. కాసేపు ఉండి అది ఆగిపోయింది.

'నన్ను తట్టింది ఎవరు?' అనుకుంది మచ్చమ్మ. 'నేలలో కూడా అల పరిగెడుతుందా? అయితే దాన్ని ఎక్కడో ఎవరో చాలా గట్టిగా తట్టి ఉండాలి.'

ఇంకాసేపటికి సముద్రం వైపు నుంచి కేకలు వినిపించాయి.

"సముద్రమ్మ పుట్టింటికి వెళ్లింది! సారెకి రండోయ్! ఎప్పుడూ ఇంత సారె లేదు!"

అడవి అడవంతా కదిలిపోయింది. కొంగలు, పందులు, నక్కలు, ఉడుములు, అందరూ బిలబిలమంటూ పరుగు. మచ్చమ్మ అడవి అంచుకి వచ్చేసరికి అందరూ బురదలో చాలా దూరం వెళ్లిపోయారు. సముద్రం ఉండాల్సిన చోట సముద్రం లేదు. కనుచూపు మేరా తడి నేల. ఎప్పుడూ ఎండ చూడని రాళ్లు నల్లగా మెరుస్తున్నాయి. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఎంత అందంగా ఉందో! ఒక్క క్షణం మచ్చమ్మ కూడా నోరు తెరుచుకుని చూసింది.

అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. 'ఇది పోటు వేళ కదా. ఈ వేళకి నీళ్లు నా కాళ్ల దగ్గరికి రావాలి. వెనక్కి వెళ్లిందేంటి?'

వెంటనే ఆకు పొట్లం గుర్తొచ్చింది. ఎంత దిగితే అంత లేవడం.

"ఇంత దిగిందంటే..." అంది మచ్చమ్మ. "ఇంత దిగిందంటే ఎంత లేస్తుంది?"

చుట్టూ చూసింది. "చుక్కా! చుక్కమ్మా!"

పక్కన పొదలోంచి ముసలి ఉడుము తల బయటపెట్టింది. "నీ కూతురా? వేవిళ్లప్పటి నుంచీ రొయ్యలు రొయ్యలు అంటోంది కదా. గుంటయ్యతో వెళ్లింది. అదిగో, అందరికంటే దూరంగా, ఆ నల్లరాయి దగ్గర."

మచ్చమ్మ చూసింది. నల్లరాయి దగ్గర చీమంత చుక్క. తన చుక్క.

పరుగెత్తింది. పది అడుగులు వేసేసరికి, అందరూ తొక్కి చిలికేసిన బురద కడుపుదాకా వచ్చింది. ఒక్కో కాలు పీకి వేయడానికే ప్రాణం పోతోంది. ఇలా వెళ్తే మధ్యాహ్నానికి కూడా చేరలేదు. గొంతు చించుకుని అరిచింది. అప్పుడే సముద్రం వైపు నుంచి లేచిన ఎదురుగాలి ఆ అరుపుని తెచ్చి మళ్లీ దాని నోట్లోనే కుక్కింది.

దగ్గర్లో తెల్లవ్వ నిలబడి ఉంది. తెల్లవ్వ అంటే కొంగలకి పెద్ద. కొంగల సంగతి మీకు తెలుసుగా, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా నిలబడవు. తలా ఒక చోటు చూసుకుని నిలబడతాయి. తెల్లవ్వ నుంచి కొంచెం దూరంలో ఇంకో కొంగ, అక్కడి నుంచి కొంచెం దూరంలో ఇంకోటి, అలా అలా నల్లరాయి వైపుగా.

"తెల్లవ్వా! అందరినీ వెనక్కి పిలువు! పెద్ద అల వస్తోంది!"

తెల్లవ్వ ఒంటికాలి మీద నిలబడే అడిగింది. "ఎక్కడే అల? చుక్క నీళ్లు లేవు ఇక్కడ."

"నీళ్లు లేకపోవడమే అల రావడం అవ్వా! సగం వచ్చేసింది. ఇది దిగే సగం. లేచే సగం వెనక వస్తోంది."

"ఏమో తల్లీ. సారెకి పోయేవాళ్లని వెనక నుంచి పిలవకూడదు. మా అమ్మమ్మ కూడా పిలవలేదు. సముద్రమ్మ అలిగితే?"

మచ్చమ్మ తల తిప్పి చూసింది. దూరంగా, నింగీ నేలా కలిసే చోట, దారప్పోగంత సన్నగా తెల్లటి గీత ఒకటి కనిపించింది. ఇందాక అది లేదు.

"అలిగితే నా మీద అలగనీ" అంది మచ్చమ్మ. "అపశకునం నా నెత్తిన వేసుకుంటాను. అక్కడ నా కూతురుంది. కడుపులో దాని బిడ్డ ఉంది. మీ పిల్లలు యాభైమంది ఉన్నారు. పిలువవ్వా!"

తెల్లవ్వ ఎత్తిన కాలు కింద పెట్టింది. "సరే. ఎగిరి వెళ్లి చెప్పి వస్తాను."

"వద్దు! ఎదురుగాలిలో నువ్వు చేరేసరికి అల చేరుతుంది. నీ చోట నువ్వు ఉండు. నీ పక్క కొంగకి చెప్పు. అది దాని పక్క కొంగకి చెబుతుంది. ఎవరూ వెళ్లొద్దు. మాట వెళ్తుంది."

"ఏం మాట?"

పెద్ద మాటలు దారిలో పాడైపోతాయి. మచ్చమ్మ ఒక్క మాట ఎంచుకుంది. "గట్టెక్కు!"

తెల్లవ్వ మెడ చాచింది. జీవితంలో మొదటిసారి వెనక నుంచి పిలిచింది.

"గట్టెక్కు!"

పక్క కొంగ ఉలిక్కిపడింది. వెనక నుంచి పిలుపా? కానీ పిలిచింది తెల్లవ్వ. అది రెక్కలు ఎత్తి అరిచింది. "గట్టెక్కు!" దాని పక్కది రెక్కలు ఎత్తింది. దాని పక్కది. ఇంకోటి. ఇంకోటి.

మచ్చమ్మ కళ్లార్పకుండా చూసింది. ఆ నల్లటి బురద మీద తెల్లటి రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి లేచి దిగుతున్నాయి. ఏ కొంగా కదల్లేదు. కానీ ఏదో ఒకటి సముద్రం వైపు జోరుగా దూసుకుపోతోంది. అది అల! గొంతులతో లేపిన అల! ఒక మాట తట్టింది, ఊరంతా నీళ్లలా కదిలింది.

ఉడుములు తల తిప్పాయి. పందులు తల తిప్పాయి. అందరూ గట్టు వైపు పరుగు తీశారు.

కానీ చివరి కొంగ నల్లరాయికి ఇవతలే ఉంది. అక్కడి నుంచి చుక్కమ్మకి వినపడదు. మధ్యలో గుంటయ్య ఒక్కడే ఉన్నాడు. వాడి నోటి నిండా చేప. ఇంత పెద్ద చేప వాడి వంశంలో ఎవరూ చూడలేదు.

"గట్టెక్కు!" అంది చివరి కొంగ.

గుంటయ్య ముందు పారిపోదామని తిరిగాడు. తిరిగినవాడు ఆగాడు. 'ఎవరూ వెళ్లకుండానే వెళ్లేది' ఇప్పుడు వాడి దగ్గరికి వచ్చి ఆగింది. వాడు అందిస్తేనే ముందుకి పోతుంది. అందించాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే చేప జారిపోతుంది.

గుంటయ్య చేప వైపు చూశాడు. నల్లరాయి వైపు చూశాడు.

నోరు తెరిచాడు. చేప బురదలో పడింది.

"చుక్కమ్మా! గట్టెక్కూ!"

నక్క ఊళ అంటే ఏమనుకున్నారు! చుక్కమ్మ తల ఎత్తింది. వెనక్కి చూసింది, సముద్రం వైపు చూసింది. పరుగు మొదలుపెట్టింది. నిండు చూలాలు. నాలుగు అడుగులు, ఆయాసం. నాలుగు అడుగులు, ఆయాసం. గుంటయ్య దాని వెనక చేరి తలతో నెడుతున్నాడు.

అప్పుడు ఎదురుగా బురద చిమ్ముకుంటూ ఒక కొండ వచ్చింది. కోరయ్య! గట్టు వైపు పోతున్నవాడు, ఒడ్డున అరుస్తున్న మచ్చమ్మని చూసి వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఎక్కమ్మా నా వీపు మీద. మీ అమ్మ మాట ఒకసారి వినలేదు, తీగలు తెగాయి. ఈసారి వింటాను."

బురదని నాగలిలా చీల్చుకుంటూ కోరయ్య పరుగు. వీపు మీద చుక్కమ్మ. వెనక గుంటయ్య. వాళ్ల వెనక, ఇందాక దారప్పోగు, ఇప్పుడు తాడంత లావయింది. హోరు వినిపిస్తోంది.

అడవిలోకి వచ్చారు. మచ్చమ్మ కూతుర్ని చూసింది. ముద్దు పెట్టుకునే వేళ కాదు. "వంతెన!" అంది.

వంతెన దగ్గర పందుల మంద ఆగి ఉంది. భయంతో వాటి కాళ్లు అలవాటు కొద్దీ కలిసిపోతున్నాయి. కోరయ్య గర్జించాడు.

"అడుగు కలిపారో, తాట తీస్తాను! ఇష్టం వచ్చినట్టు నడవండ్రా! నువ్వు కుంటు! నువ్వు గెంతు! నువ్వు తాగినట్టు నడువు!"

ఇరవై పందులు ఇరవై రకాలుగా వంతెన దాటాయి. నవ్వే సమయమే అయితే అడవి పడీపడీ నవ్వేది. వంతెన కిర్రుమంది, కొద్దిగా కదిలింది, నిలబడింది. మచ్చమ్మ ముడేసిన తీగలు ఒక్కటీ జారలేదు. కోరయ్య దాటాడు. చుక్కమ్మ దాటింది. గుంటయ్య దాటాడు. అందరి వెనకా మచ్చమ్మ దాటింది.

గట్టెక్కారు.

అప్పుడు వచ్చింది అల. లోతు నీళ్లలో తల వంచుకుని వచ్చిందల్లా, నేల దగ్గరయ్యేసరికి నడక తగ్గించింది, తల ఎత్తింది. ఇంకా ఎత్తింది. నల్లరాయిని మింగింది. బురద అంతా మింగింది. అడవి మీద పడింది.

మడ చెట్లు దాన్ని ఎదుర్కొన్నాయి పిల్లలూ. ఒక్కో చెట్టుకీ వంద వేళ్లు. ప్రతి వేరూ అల ఒళ్లు పట్టుకుని ఒక ముక్క లాగేసుకుంది. ముందు వరుస చెట్లు కూలాయి. రెండో వరుస వంగాయి. మూడో వరుస నిలబడ్డాయి. గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ రాక్షసి అల మోకాలి లోతు నురగ అయిపోయింది. ఇసుకని ఒకసారి నాకి వెనక్కి వెళ్లిపోయింది.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. గుంటయ్య లేచి నిలబడ్డాడు. "అయిపోయిందిగా! నా చేప ఎక్కడైనా చెట్టుకి తగులుకుని ఉంటుంది. చూసొస్తా."

"కూర్చో మరిదీ" అంది మచ్చమ్మ. "నేను ఒక్కసారి తడితే ఎన్ని వలయాలు లేచేవి?"

గుంటయ్య లేచిన కాలు కింద పెట్టాడు. "చాలా లేచేవి."

"అల ఒంటరిగా రాదు. కూర్చో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ దిగలేదు. రెండో అల వచ్చింది. మొదటిదానికంటే పెద్దది. వంతెనని తెంపి తీసుకుపోయింది. తర్వాత మూడోది వచ్చింది, చిన్నది. ఆ తర్వాత ఇంకా చిన్నవి. పొద్దు వాలేదాకా మచ్చమ్మ పాయ నీళ్లనే చూస్తూ కూర్చుంది. నీళ్ల ఊపు పూర్తిగా సద్దుమణిగాక, "ఇక భయం లేదు" అంది.

తెల్లవ్వ లెక్క చూసింది. కొంగలు అన్నీ ఉన్నాయి. పందులు ఇరవై, కోరయ్యతో ఇరవై ఒకటి. నక్కలూ ఉడుములూ ఉన్నాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అప్పుడు లేచింది చూడండి కేక! గట్టు గట్టంతా ఎగిరింది. కోరయ్య మందతో గంతులు వేయించాడు. ఒక్కరి అడుగూ ఒకరితో కలవలేదు. ఎంత బాగుందో ఆ చిందు!

ఆ సందడిలో చుక్కమ్మ, "అమ్మా" అంది. మచ్చమ్మ పరుగున వెళ్లింది. ఇసుక వెచ్చగా ఉంది. కాసేపటికి బుల్లి బుల్లి గొంతు ఒకటి 'మ్యా' అంది.

ఊయల నీళ్లలో కొట్టుకుపోయింది. గుంటయ్య తన తోకని గుండ్రంగా చుట్టాడు. "వదినా, కొత్తది అల్లేదాకా ఇందులో పడుకోబెట్టు. నీళ్లని కొట్టి కొట్టి మెత్తబడింది."

మచ్చమ్మ నవ్వింది. ఏడ్చింది. మళ్లీ నవ్వింది. అందరూ "పిల్లకేం పేరు?" అని అడిగారు. మచ్చమ్మ తెల్లవ్వ వైపు చూసింది. తెల్లవ్వ మెడ చాచి పక్క కొంగకి చెప్పింది. అది దాని పక్కదానికి చెప్పింది. గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి తెల్ల రెక్కలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

"అలమ్మ! అలమ్మ! అలమ్మ!"

తర్వాత వాళ్లు కొత్త వంతెన అల్లుకున్నారు. కూలిన ముందు వరుస చోట మడ మొక్కలు నాటారు. సముద్రమ్మ మళ్లీ పుట్టింటికి వెళ్లింది, మళ్లీ సారె తెచ్చింది, ఏమీ అలగలేదు. ఆ అడవిలో ఇప్పటికీ సారెకి బయలుదేరేవాళ్లు కొంచెం దూరం వెళ్లి ఆగుతారట. వెనక్కి తిరిగి, "ఎవరైనా పిలిచారా?" అని అడుగుతారట. పిలవలేదని చెప్పాకే ముందుకి అడుగు వేస్తారట. కథ అక్కడ గట్టెక్కింది, మనం ఇక్కడ పడకెక్కుదాం.

నీతి: కళ్లారా చూసి తెలుసుకున్నది నలుగురికీ చెప్పాలి, ప్రాణం కాపాడే మాట మన దాకా వస్తే, పాత భయాన్నీ నోట్లో ఉన్నదాన్నీ వదిలేసి అయినా పక్కవాళ్లకి అందించాలి.